ఒక్కసారే వేసిన యూరియా

పరాయి రాష్ట్రంలో మేం వలస వచ్చిన ఊళ్లో, అమ్రోలి దాటాక అరెకరం కౌలుకు పట్టి స్వీట్ కార్న్ వేద్దామన్నది నా భార్యే. రింగ్ రోడ్డు మార్కెట్ గోడౌన్లో పదేళ్లుగా చీరలు మడతపెట్టి ఆమె మెడ పట్టేసింది. పంట నిలిస్తే ఆ పని మానేస్తుంది, పోతే మళ్లీ ఆ గోడౌనే.

యూరియా మూడు విడతల్లో వేయమని నాకు నాలుగుసార్లు చెప్పింది. ఇసుక నేల, ఎరువు నిలవదట, నీళ్లతో దిగిపోతుందట. మార్కెట్‌కు సెలవు ఆదివారం, నేను నడిపే లూములకు మరో రోజు. కలిసి వెళ్లడం కుదరదు కాబట్టి కలుపు ఆమెకు, ఎరువూ నీళ్లూ నా వంతు. మగ్గాల మధ్య బతికిన బుద్ధి నాది. పడుగుకు గంజి ఒక్కసారే పట్టిస్తాం, ఆ పడుగు చుట్టిన బీము అయిపోయేదాకా అదే కాస్తుంది. మొక్కకు మాత్రం వేరే లెక్కేమిటి అనుకున్నాను. జానెడు పైరుకు బస్తా మొత్తం చల్లేసి, కాలువ వంతు కూడా ఆ రోజే రావడంతో మడి నిండా నీళ్లు పెట్టాను. తర్వాతి సెలవు రోజున గదిలో పడి నిద్రపోయి, "రెండో విడత గూడ ఏసిన" అని చెప్పాను.

నెల తిరక్కముందే కింది ఆకులు కొసల నుంచి పసుపెక్కాయి. ఆమె నాలుగు ఆకులు తెంపి విత్తనాల దుకాణానికి బయలుదేరింది. తేలు కుట్టిన దొంగలా వెంట నడిచాను.

"నకలీ బీజ్ దియా!" అని, విత్తనాలే నకిలీవంటూ హిందీలో అరిచి ఆకులు బల్ల మీద కొట్టింది. కంప్లైంట్ ఇస్తానంది. రైతులు మూగారు. దుకాణం యజమాని, ముసలి సేఠ్, బిల్లు పుస్తకం తెరిచాడు. ఎరువు ఎలా వేశారని మెల్లగా అడిగాడు.

"బరాబర్ డాలా. హమారా ఆద్మీ ఝూట్ నహీ బోల్తా!" అంది ఆమె, సరిగ్గానే వేశామని, మా ఆయన అబద్ధం ఆడడని.

ఇక ఆగలేకపోయాను.

"ఒక్కసారే ఏసిన. గా దినమే నీళ్లు నిండ వెట్టిన. రెండోసారి ఏయనేలే," అన్నాను, తెలుగులో. హిందీ అర్థమవుతుంది గానీ మాట్లాడటం రాదు నాకు.

ఆమె నా వైపు తిరగలేదు. సేఠ్‌కు అర్థం కాక, "క్యా బోలా?" అని ఆమెనే అడిగాడు. నా అబద్ధాన్ని అందరి ముందూ ఆమే హిందీలో చెప్పాల్సి వచ్చింది. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది, చివర "మాఫ్ కరో" అంది. నేలలో కూరుకుపోతే బాగుండనిపించింది నాకు.

సేఠ్ మంచివాడు. పూతకు ఇంకా వారం ఉంది, ఇప్పుడు కొద్దిగా యూరియా వేసి నీళ్లు పలచగా ఇస్తే సగమైనా తేరుకుంటుందన్నాడు.

మళ్లీ కాలువ వంతు వచ్చిన రోజు కార్ఖానా మాస్టర్‌ను బతిమాలి లూములు వేరేవాడికి అప్పగించి వెళ్లాను. ఆమె కూడా మార్కెట్ మానేసి వచ్చింది. కొంగు దోపి, సాలుసాలుకూ గుప్పెడు యూరియా వేస్తూ, పారతో నీళ్లు మళ్లిస్తోంది. నేను చెప్పులు విడిచి మడిలో కాలు పెట్టబోయాను.

"గట్టు మీదనే ఉండు," అంది, తల ఎత్తకుండానే.

ఉన్నాను. చివరి సాలు తడిసేదాకా ఖాళీ చేతులతో అక్కడే నిలబడ్డాను.