నాన్నకి తెలిసిన కలకత్తా

ఆ రోజుల్లో మా ఇంట్లో ఊళ్లు రెండే రకాలు. నాన్న చూసినవి ఒక రకం, మిగతావాళ్లం చూడాలనుకునేవి ఇంకో రకం. మొదటి రకంలో ఉన్నది ఒక్కటే ఊరు, కలకత్తా. (దాని పేరు మార్చి చాలా ఏళ్లయిందని నేను ఎన్నిసార్లు చెప్పినా, "మారిస్తే మార్చుకోనీవే, చేపలు దిగేది అక్కడే గదా" అనేవారు.) మాది భీమవరం. ఉండి రోడ్డులో నాన్నకి చేపల ప్యాకింగ్ షెడ్డు ఉండేది. చెరువుల్లో పట్టిన బొచ్చెల్నీ శీలావతుల్నీ ట్రేల్లో ఐసు వేసి సర్ది, లారీలకెత్తి కలకత్తా పంపడం ఆయన పని. పెద్ద లోడు వెళ్లినప్పుడల్లా అక్కడ ట్రేలు దింపే చోట మన మనిషంటూ ఒకరుండాలని, లారీ కంటే ముందే తను రైల్లో బయల్దేరేవారు. అలా నెలకోసారి చొప్పున పద్దెనిమిదేళ్లు తిరిగారు. ఇంటికొచ్చాక ఎవరు ఏ ఊరి మాటెత్తినా కలకత్తా పక్కన పెట్టి తీసిపారేసేవారు. "హైదరాబాదు కూడా ఒక ఊరేనా? ఊరంటే కలకత్తా. ఆ వీధులేంటి, ఆ మనుషులేంటి! నాకక్కడ సందుసందూ తెలుసు" అనేవారు. ఆ మాట వింటూనే నేను పెరిగి పెద్దదాన్నయ్యాను.

అమ్మ మాత్రం పెళ్లయ్యాక అన్నవరం దాటి వెళ్లలేదు. ఆమె మనసంతా మైసూరు మీద ఉండేది. మా పెద్దమ్మ ఒకసారి వెళ్లొచ్చి, దీపాలు వెలిగించిన మహలు ఫొటో ఇస్తే దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది. పాలు తీసినా పెరుగు పెట్టినా ముందు దాని వంక ఒక చూపు చూడాల్సిందే. వాళ్ల పెళ్లయి పాతికేళ్లు నిండిన వేసవిలో షెడ్డుకి మరమ్మతులొచ్చి, ఐదు రోజులు పని ఆగుతుందని తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అమ్మ చాలా నెమ్మదిగా, "ఏవండీ, ఈ ఐదు రోజులూ నాకిచ్చెయ్యండి. ఒక్క ఊరు చూపించండి చాలు, మళ్లీ అడగను" అంది. అమ్మ గట్టిగా అరిస్తే మేమెవరం భయపడేవాళ్లం కాదు గానీ, నెమ్మదిగా మాట్లాడితే మాత్రం ఎదురు చెప్పేవాళ్లం కాదు. నాన్న తలూపారు.

తలూపారు గానీ ఏ ఊరన్నది తేలలేదు. ఆదివారం జంగారెడ్డిగూడెం నుంచి మావయ్య బైకు మీద దిగాడు. (అమ్మకి తమ్ముడు. పామాయిల్ తోటలుండేవి. ఎప్పుడొచ్చినా ఒక సంచీడు జీడిపప్పూ, దానికి రెట్టింపు సలహాలూ తెచ్చేవాడు.) రైతుల్ని బస్సుల్లో ఎక్కించి ఊళ్లు తిప్పే ఏదో యాత్రలో జైపూరు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మావయ్య కంటికి మిగతా దేశం ఆనడం మానేసింది. "అక్కా, నా మాట విని జైపూరు వెళ్లండి. ఊరు ఊరంతా గులాబీ రంగే! కళ్లారా చూసేను" అన్నాడు. "రంగు కోసం అంత దూరమెందుకురా? రెండు డబ్బాల పెయింటు కొని మీ ఇంటికేసుకో" అన్నారు నాన్న. "ఎంత మాటండీ బావగారూ! మీ కలకత్తాలో మాత్రం ఏముందండీ, జనం తప్ప?" "జనం లేని ఊరు చూస్తే ఏంటి, చూడకపోతే ఏంటి?" ఇద్దరి మధ్యా అమ్మ పప్పుగిన్నె పెట్టి, "మైసూరులో జనమూ ఉన్నారు, మహలూ ఉంది" అంది. చివరికి ఓట్లు వేద్దామన్నాడు మావయ్య. తోడు రాని వాడికి ఓటెక్కడిదని నాన్న అడ్డుకున్నారు. ఇంక నాన్నది కలకత్తా, అమ్మది మైసూరు. మిగిలింది నా ఓటు.

ఇప్పుడు నా ద్రోహం గురించి చెప్పుకోవాలి. నేనప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నాకు నిజానికి గోవా వెళ్లాలని ఉండేది గానీ, మా ఇంట్లో ఆ పేరెత్తే ధైర్యం లేక, నా ఓటు నీకేనని అమ్మకి ముందే మాటిచ్చాను. కానీ కాలేజీలో మా బ్యాచిలో ఒకమ్మాయి సింగపూరు వెళ్లొచ్చి మాట్లాడ్డం మొదలుపెడితే నాకు ఒళ్లు మండి, మా నాన్నకి కలకత్తాలో తెలియని చోటు లేదని అప్పటికే కోతలు కోసి ఉన్నాను. ఆ సమయంలో నాన్న నా వైపు వంగి, "అక్కడ భూమి కింద రైలుంది బుజ్జీ" అన్నారు. "ఎలా ఉంటుంది నాన్నా?" అని అడిగాను. "చెబితే ఏం తెలుస్తుందే? ఎక్కాలి గానీ" అన్నారు. బాగా అనుభవమున్న మనిషి అలాగే మాట్లాడతాడని అనుకున్నాను. కలకత్తాకి చెయ్యెత్తేశాను. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. పైగా ఆ సాయంత్రం నాకిష్టమైన వంకాయ కూర వండింది. తిట్టినా బాగుండేదనిపించింది.

రాజమండ్రిలో రైలెక్కి మర్నాడు పొద్దున్న హౌరాలో దిగాం. రానూపోనూ రెండు రోజులు పోగా మాకు మిగిలినవి మూడు రోజులు. స్టేషన్లో నాన్న నడక చూడాలి! ఏ దారిలో మెట్లున్నాయో, ఏ గేటు దగ్గర తోపులాట ఉండదో అన్నీ తెలుసు. అడ్డొచ్చిన వాళ్లని బెంగాలీలో పక్కకి తప్పుకోమంటుంటే నాకు గర్వంతో ఛాతీ ఉబ్బిపోయింది. స్టేషన్ పక్కనే చేపల మార్కెట్టు, దాని పక్కనే నాన్న ఎప్పుడూ దిగే లాడ్జి. గది శుభ్రంగానే ఉంది గానీ కిటికీ తీస్తే మా షెడ్డు వాసనే వచ్చింది. అమ్మ కిటికీ మూసేసి, "ఇంత దూరం వచ్చేం, ఇంట్లో ఉన్నట్టే ఉంది" అంది. అది మెచ్చుకోలు కాదని నాన్నకి కూడా తెలిసింది.

స్నానాలు చేసి విక్టోరియా భవనం చూద్దామని బయల్దేరాం. ఊరు అటు ఉందని నాన్న నది వైపు చెయ్యి చూపించి, మమ్మల్ని నడిపించుకుంటూ ఆ పెద్ద వంతెన ఎక్కారు. సగం దాకా హుషారుగానే వచ్చి, అక్కడ్నించి నెమ్మదించారు. అవతలి ఒడ్డుకి చేరాక అటో రెండడుగులూ ఇటో రెండడుగులూ వేసి, ఒక పోలీసుని ఏదో అడిగారు. ఆ తర్వాత పండ్లమ్మే ఆవిణ్ణి అడిగారు. అంత చక్కటి బెంగాలీలో మాట్లాడుతున్న మనిషి, మాట్లాడిన ప్రతివాళ్లనీ దారే అడుగుతున్నారని నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. నా కొత్త ఫోన్లో మ్యాపు తీసి చూశాను. స్టేషనూ మార్కెట్టూ లాడ్జీ ఉన్న హౌరా అంతా నదికి ఒక ఒడ్డున, కలకత్తా అంతా రెండో ఒడ్డున. గోదావరికి ఇవతలున్న కొవ్వూరులో దిగి, కొవ్వూరులోనే పడుకుని, కొవ్వూరులోనే రైలెక్కి, రాజమండ్రి చూశానని పద్దెనిమిదేళ్లు చెప్పుకున్నట్టయింది. ఆ మాట అక్కడే అనబోయాను గానీ, నాన్న మెడ వెనకాల చెమట చూసి ఎందుకో నోరు రాలేదు.

మొదటి రెండు రోజులూ మేం కలకత్తాని చూడలేదు, వెతికాం. విక్టోరియా భవనం ముందు నిలబడి తలెత్తి చూసి, "ఇది ఈ మధ్యే కట్టుంటారు" అన్నారు నాన్న, తను రాని నెలల్లో లేచినట్టుగా. అది కట్టి ఎన్నేళ్లయిందో పక్కనే పలక మీద రాసి ఉంది. నేను వెళ్లి దానికి అడ్డంగా నిలబడ్డాను. భూమి కింద రైలెక్కి, వెళ్లాల్సిన వైపు కాకుండా రెండో వైపు చివరి స్టేషన్ దాకా వెళ్లిపోయాం. మ్యూజియానికి వెళితే ఆ రోజు సెలవు. ట్రాములో సీటు దొరికింది గానీ అది ఎక్కడికి వెళుతుందో ఎవరూ చెప్పలేకపోయారు (మేము అడిగిన చోటికి మాత్రం వెళ్లలేదు). అమ్మకి మోకాలి నొప్పి, ఆ ఎండలో కుంటుతూ మా వెనకే వచ్చింది. ఒక్కసారైనా మైసూరు మాటెత్తలేదు. జీవితంలో ఒక్క ఊరు అడిగిన మనిషికి ఆ ఒక్కటీ నా వల్లే పాడైందన్న బాధ, నాన్న పరువు పోతుందేమోనన్న బాధ, రెండూ కలిసి నాకు రసగుల్లా కూడా సహించలేదు. (నాలుగు తిన్నాను. సహించి ఉంటే ఇంకా తినేదాన్ని.)

రెండో రోజు సాయంత్రం లాడ్జి గదిలో మంచం అంచున కూర్చుని, మోకాలికి మందు రాసుకుంటూ అమ్మ అడిగింది. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మొన్నటిదాకా ఎప్పుడైనా ఆ వంతెన దాటేరా?" "ఒకసారి సగం దాకా వెళ్లేను. లారీ వచ్చేసిందని ఫోనొచ్చింది" అన్నారు నాన్న. "తెల్లారగట్ల లోడు దింపుకుంటాం గదా, మధ్యాహ్నం కాసేపు పడుకుంటే సాయంత్రం రైలుకి టైమైపోద్ది. మళ్లీసారి చూద్దాంలే అనుకునేవాణ్ణి. అయినా నువ్వు లేకుండా ఒక్కడినే ఏం చూత్తాను?" అన్నారు. ఆ చివరి మాట అప్పటికప్పుడు పుట్టిందని నాకు తెలుసు, అమ్మకి ఇంకా బాగా తెలుసు. అమ్మ మందు సీసా మూత పెట్టి, "సరే. రేపొక్క రోజుంది. ఈ చూడవలసినవన్నీ వద్దు గానీ, ఇన్నేళ్లూ మీరెక్కడికొచ్చేవారో అదే చూపించండి" అంది.

తెల్లవారేసరికి మార్కెట్టులో ఉన్నాం. ఆ బురదలో, ఆ అరుపుల్లో, నిన్నటిదాకా ప్రతి మలుపులోనూ బిక్కమొహం వేసిన మనిషి ఏమయ్యారో తెలియదు. నాన్న లుంగీ ఎగ్గట్టి ముందు నడుస్తుంటే అటూ ఇటూ "దాదా, దాదా" అని పిలుపులు. (మన "అన్నా" లాంటిదే.) ట్రేలు మోసేవాళ్లు ఆగి దారిచ్చారు. ఒక ముసలాయన టీకొట్టులోంచి లేచి వచ్చి, తను కూర్చున్న బల్ల తుడిచి, "బౌదీ, బౌదీ" అంటూ అమ్మని కూర్చోబెట్టాడు. (అంటే వదినగారట.) మట్టి కప్పులో టీ చేతికిచ్చి ఏదో అడిగాడు. "ఏమంటున్నాడండీ?" అంది అమ్మ. నాన్న గొంతు సవరించుకుని, "ఏం లేదు, మోకాలు ఎలా ఉందంటున్నాడు" అన్నారు. "నా మోకాలు ఆయనకెలా తెలుసండీ?" నాన్న జవాబు చెప్పేలోపే చేపలు కోస్తున్న ఇంకొకాయన కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి నన్ను చూపిస్తూ ఇంకేదో అడిగాడు. ఈసారి నాన్న నా వైపు చూడలేదు. "లెక్కల పేపరు పాసయ్యిందా అంటున్నాడే" అన్నారు. రెండో సంవత్సరంలో నాకొక లెక్కల పేపరు పోయింది. ఎవరికీ చెప్పొద్దని నాన్న దగ్గర ఒట్టేయించుకున్నాను. భీమవరంలో నిజంగానే ఎవరికీ చెప్పలేదు. హౌరా మార్కెట్టులో చేపలు కోసేవాళ్లందరికీ చెప్పేశారు.

నాకు సిగ్గేసింది గానీ, నవ్వు కూడా వచ్చింది. నాన్న ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. భోజనం, పేపరు, ఫోను, నిద్ర. మమ్మల్ని అసలు గమనిస్తున్నారో లేదో కూడా మాకు తెలిసేది కాదు. అక్కడ మాత్రం మా పెద్దమ్మ కూతురి పెళ్లి దగ్గర్నుంచి అమ్మ పెట్టే ఆవకాయ దాకా అందరికీ అన్నీ తెలుసు. అమ్మ నాలుగు టీలు తాగింది. లేచేటప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఐసు చల్లదనమని నాతో అంది. నేను నమ్మినట్టు తలూపాను.

మేమొచ్చిన ఆదివారమే మావయ్య ఠంచనుగా దిగాడు. కుర్చీ లాక్కుని, నాన్నని ఓరగా చూస్తూ, "ఏంటక్కా, ఎలా ఉంది బావగారి కలకత్తా? ఆయన చెప్పినంతా ఉందా, ఉత్తిదేనా?" అన్నాడు. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఒక్క మాట చెబితే చాలు, ఇంక జన్మలో మావయ్య ముందు నాన్న నోరెత్తలేరు. అమ్మ పప్పులో తాలింపు కలుపుతూ, "ఊరంతా నేను చూడలేదురా, మోకాలు నొప్పి. కానీ ఆయన్ని ఎరగని మనిషి ఒక్కడు లేడు. నడుస్తుంటే దారిచ్చేరు" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మావయ్య మొహం వాడిపోయింది. నాన్న పేపరు దించి అమ్మ వంక చూసిన చూపు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. తర్వాత రెండేళ్లకి అడక్కుండానే మైసూరు తీసుకెళ్లారు. దాని గురించి అమ్మ రెండు ముక్కల్లో చెప్పి ముగించేది. కలకత్తా సంగతైతే ఇప్పటికీ గంట చెబుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆరేళ్లుగా నెలకోసారి ఆఫీసు పని మీద పుణే వెళుతున్నాను. ఎవరైనా అడిగితే, "పుణేనా, అబ్బో! వాతావరణమేంటి, మనుషులేంటి" అని చెబుతాను. మొన్న నాన్న ఫోన్ చేసి, వచ్చే నెల అమ్మా తనూ పుణే చూడ్డానికి వస్తామన్నారు. "నీకంతా తెలుసు గదా బుజ్జీ, నువ్వే తిప్పి చూపించు" అన్నారు. ఆ గొంతులో వెక్కిరింపేమీ లేదు. ఒకప్పుడు నేను నమ్మినట్టే, నిజంగా నమ్మి అన్నారు. రమ్మన్నాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే, నాకు తెలిసిన పుణేలో ఒక గెస్ట్‌హౌసూ, ఆఫీసు లిఫ్టూ, ఆ రెండిటి మధ్యా క్యాబు కిటికీలోంచి కనబడే అర కిలోమీటరు రోడ్డూ ఉన్నాయి. వంతెన అవతల నాన్న మెడ మీది చెమటని చూసిన ఆ కాలేజీ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఎంత నవ్వుకునేదో! నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకుని, తలుపు దగ్గరగా వేసి, పుణేలో చూడదగ్గవేంటో ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నాను.