ఎడ్వర్డ్ గారి ఎనిమిదో నంబరు

దోహాలో ఎక్కడానికి కొండంటూ లేదు. అయినా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో కాపురముండే స్టోర్‌కీపర్ ఎడ్వర్డ్ గారు 1996 నవంబరంతా కొండబూట్లు ఎంచుకోవడంలోనే గడిపారు. జనవరి సెలవుల్లో బావమరిదితో కలిసి మనాలి దగ్గర మంచుకొండ ఎక్కాలని ఆయన పట్టుదల. ప్రతి శుక్రవారం సాయంత్రం అదే దుకాణానికి వెళ్ళి, రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, బూటు అడుగుభాగాన్ని రెండు చేతులా వంచి చూసి, అది వంగకపోతే తృప్తిపడి, “ఏడో నంబరివ్వు” అనేవారు. ఇంతా చేసి కొనకుండానే వచ్చేసేవారు.

నాలుగో శుక్రవారం, పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో పుట్టి పెరిగిన అమ్మకందారు గుల్‌జమాన్ ఆయన్ని దుకాణం వెనక సామాను దించే ఏటవాలు మీద కిందికి నడిపించాడు. మూడో అడుగుకే ఎడ్వర్డ్ గారి ముఖం ముడుచుకుపోయింది.

“వేళ్ళు తగుల్తున్నాయి కదా సాబ్? కొండ దిగేసరికి గోళ్ళు ఊడిపోతాయి. ఎనిమిది వేసుకోండి,” అన్నాడతను హిందీలో.

“పెళ్ళినాటి నుంచీ నాది ఏడేనయ్యా!”

వెంట వచ్చిన భార్య తెరెసా నవ్వాపుకుంటూ ఎనిమిదో నంబరు తెప్పించింది. ఆయన అలిగినట్టే కాళ్ళు దూర్చి, లేసులు బిగించి, మళ్ళీ వాలు దిగారు. మడమ కదల్లేదు, వేళ్ళు తగల్లేదు. అక్కడే నిలబడి బూట్లలో పది వేళ్ళూ ఆడించి చూసుకున్నారు.

“హాయిగా ఉందే, తెరెసా!”

“అయితే ఇరవయ్యేళ్ళుగా పాస్టరుగారి ప్రసంగం మధ్యలో లేచి బయటికెళ్ళిపోయేది ఇరుకు బూట్ల నొప్పికా? మీకు భక్తి లేదని మా నాన్న పోయేదాకా బెంగెట్టుకున్నారండీ!”