కొంగున కట్టిన టెంక

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

పంతొమ్మిది వందల అరవైల్లో ఏటా వేసవికి చింతలపూడి నుంచి ఒక్కదాన్నే నూజివీడు మామిడి తోటకు కూలికి వెళ్లేదాన్ని. అక్కడ పళ్లు ఎన్నైనా తినొచ్చుగానీ, ఏదీ బయటికి తీసుకెళ్లకూడదు. ఒక ఏడు చిన్నరసం పండు తిని, దొడ్లో నాటుకుందామని టెంకను కొంగున ముడేశాను. కాపలా తాత చూడనే చూశాడు.

"ఏంటమ్మాయ్ ఆ ముడి? విప్పు."

అందరి ముందూ టెంక కింద పడింది. ఇక తోటలోకి రానివ్వరనుకున్నాను.

తాత పగలబడి నవ్వాడు. "పిచ్చిమొహమా, టెంక నాటితే ఈ రుచి రాదు. అంటు కట్టాలి. తీసుకుపో. రుచి కావాలంటే మాత్రం వచ్చే ఏడు రా."

తెచ్చి నాటాను. కొన్నేళ్లకు కాసిన పళ్లన్నీ పులుపే. తాత పోయాక కూడా ఏటా నూజివీడు వెళుతూనే ఉన్నాను.