తాత నా బండెక్కిన రోజు

నేను డిగ్రీ చదువుతుండగా స్కూటీ నేర్చుకున్నాను. మాది సిద్దిపేట దగ్గర చిన్నకోడూరు. నేర్చుకుని పది రోజులు కూడా కాలేదని ఇంట్లో ఎవరూ నా వెనక కూర్చునేవాళ్లు కాదు. మా తాత మాత్రం, "సిద్దిపేట దవాఖానకు తీస్కపో బిడ్డా, కండ్లు చూపిచ్చుకోవాలె" అంటూ ఎక్కి కూర్చున్నాడు.

ఊరు దాటగానే ఎదురుగా లారీ వచ్చింది. భయంతో బండిని పక్కకు తిప్పి, తాతతో సహా బురదలో పడ్డాను. పొలంలో నాట్లేస్తున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. "ఆడపిల్లకు బండెందుకిచ్చిన్రు?" అని ఒకాయన కోప్పడ్డాడు. సిగ్గుతో ఏడ్చేశాను.

తాత ధోతి దులుపుకుంటూ లేచాడు. "లారీ కింద పడకుంట నన్ను కాపాడింది నా మనుమరాలు. గది చూడవేంది?" అని ఆయన్ని నిలదీశాడు. తర్వాత నాతో, "బండి తియ్యి బిడ్డా, డాక్టరు పోతడు మల్ల" అన్నాడు. బండి లేపి స్టార్ట్ చేశాను, తాత మళ్లీ వెనక ఎక్కి కూర్చున్నాడు.

దవాఖానలో చూస్తే ఆయన మోకాలు దోక్కుపోయి నెత్తురు కారుతోంది. దారంతా ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. "ఇంట్ల చెప్పకు, మల్ల నీకు బండియ్యరు" అన్నాడు.

ఇప్పుడు తాత లేడు. నేను టీచర్‌ని, రోజూ బండి మీదే బడికి వెళ్తాను. ఆ రోజు ఆయన మళ్లీ నా వెనక ఎక్కకపోతే, నేనిక హ్యాండిల్ పట్టేదాన్ని కాదు.