బట్లర్ గారి పండగ బీరు

మా చిన్నప్పుడు... డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం, బట్లర్ యేసోబు మా వంటింటి గడప మీద కూర్చుని అమ్మకు దొరల దేశపు సంగతులు చెబుతున్నాడు. అమ్మ తడి గోనె విప్పి, మొలకెత్తిన రాగులను చాటలో ఆరబోస్తోంది.

"దొరలు ఈ నెలలో మామూలు బీరు ముట్టుకోరు రాహేలూ. పండగకని వేరే కాస్తారు. నల్లంగా, చిక్కంగా, లవంగాలు, అల్లం ఏసి. ఎర్రంగా కాలిన ఇనప కడ్డీ అందులో ముంచుతారు. సుయ్యిమంటాది. అప్పుడు తాగుతారు."

"కడ్డీ ఎందుకు పెద్దయ్యా?"

"ఆడ మంచు పడతాది గదే!"

మా ఊరు ముత్తుకూరుకు తూర్పున, సముద్రం పక్కన. డిసెంబరులో కూడా మధ్యాహ్నం చొక్కా విప్పి కూర్చునే ఊరు. అక్కడ కడ్డీ కాల్చి ముంచుకు తాగుతానన్నాడు ఆ మహానుభావుడు.

ఆయన ఒక దొర బంగళాలో పన్నెండేళ్లు పళ్లాలు కడిగాడు. దొర ఓడెక్కి వెళ్లిపోయాక, ఊళ్లోకి వచ్చి బట్లర్ అయ్యాడు... దొర వదిలేసిన కోటు తొడుక్కుని సంఘపెద్ద కూడా అయ్యాడు. అవి మద్య నిషేధం రోజులు. కల్లు తాగిన వాళ్ల పేర్లు ఆదివారం గుడిలో లేచి చదివేది ఈయనే.

బీరు కాచడానికి ఆయనకు బార్లీ దొరకలేదు. అమ్మ దగ్గర రాగులున్నాయి. తల్లిపాలు చాలని పసిబిడ్డల జావ కోసం అమ్మ రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, తిరగలిలో విసిరి ఇచ్చేది. మా పేటలో ఆ జావ తాగకుండా పెరిగిన బిడ్డ లేడు. ఆ మొలకలే రెండు మానికలు పట్టుకుపోయాడు. నల్లగా మాడ్చి, తాటిబెల్లం, అల్లం, లవంగాలతో కాచి, పులియడానికి ఈతకల్లు మడ్డి కాస్త కలిపి, కుండ మూతికి వాసెన గుడ్డ కట్టాడు.

దొరలు నెలల తరబడి ఆగేవారట. ఈయన వారం కూడా ఆగలేదు. పొంగు చల్లారకముందే గోలీసోడా సీసాల్లో నింపి గోలీలు బిగించాడు. వాటిని తన ఇంట్లో పెట్టుకోలేదు... సంఘపెద్ద కదా. గోనెలో చుట్టి మా ఇంటికి తెచ్చాడు.

"పండగ కషాయం రాహేలూ. మా ఇంట్లో పిల్లకాయలు పగలగొడతారు. మీ పొయ్యి ఎనకాల పెట్టు."

అమ్మ వాసన చూసింది. "ఇది కషాయమా పెద్దయ్యా?"

"దొరల కషాయం గురించి నాకంటే నీకు తెలుసా?"

ఆయనకు ఎదురు చెప్పే ధైర్యం అమ్మకు లేదు. పొయ్యి వెనక వెచ్చటి మూలలో పెట్టింది.

క్రిస్మస్ పొద్దున... గుడి మా ఇంటికి ఎదురుగానే. యేసోబు కళ్లు మూసుకుని పొడవాటి ప్రార్థన చేస్తున్నాడు. మా ఇంట్లోంచి ఢామ్మని వినిపించింది. ఇంకోటి. ఆపైన వరసగా... అందరూ పరుగెత్తి వచ్చి చూస్తే గోడల నిండా నల్లటి నురగ, గాజు పెంకులు. పులిసిన వాసన వీధి దాకా కొట్టింది.

"ఎవరివమ్మా ఇవి?" అన్నారు పాస్టరు గారు.

అమ్మ యేసోబు వైపు చూసింది.

"ఆమె ఇంట్లో ఏముందో నాకెట్టా తెలుస్తాదయ్యా?" అన్నాడు యేసోబు.

అమ్మకు పోలీసులంటే భయం లేదు. ఆమె భయమల్లా బల్ల గురించే. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల... దాన్నుంచి తీసేయడమే మా సంఘంలో పెద్ద శిక్ష. నాన్న పోయాక ఆమె నెలంతా ఎదురుచూసేది ఆ ఒక్క రోజు కోసం.

మరుసటి ఆదివారం అమ్మను గుడిలో నిలబెట్టారు. తప్పు ఒప్పుకుంటే మూడు నెలలు, లేకపోతే ఏడాది. ఆ నియమం చదివింది కూడా యేసోబే.

అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. "రాగులు మొలకెత్తించింది నేనే. సీసాలు పెట్టుకునింది నేనే. కాచింది ఎవురో ఈడ అందరికీ తెలుసు."

"ఎక్కువ మాటలొద్దు! అసలు రాగులు ఎందుకు మొలకెత్తించినావు?"

"అదే తప్పయితే ఈడుండే బిడ్డలందరూ తాగుబోతులే పెద్దయ్యా. నీ మనవడితో సహా."

ఆడవాళ్ల చాపల వైపు కిసుక్కుమన్నారు. పాస్టరు గారు పుస్తకంలోకి చూశారు. నవ్విన వాళ్లలో ఒక్కరూ లేచి నిజం చెప్పలేదు. తప్పు ఒప్పుకోలేదని ఏడాది పడింది.

పన్నెండు బల్లలు... ప్రతిసారీ అమ్మ తలంటుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని వెళ్లేది. రొట్టె పళ్లెం తెచ్చేది యేసోబు. ఆమె దగ్గరికి వచ్చేసరికి పళ్లెం కాస్త పైకెత్తి, పక్కావిడకు అందించేవాడు.

ఇప్పుడు డిసెంబరు వస్తే ఫోను నిండా ఎర్రటోపీ క్రిస్మస్ తాత బొమ్మల డబ్బాలు... పండగ బీరట, వందల ఏళ్ల సంప్రదాయమట. తాగేవాళ్లు తాగండి. ఆ సంప్రదాయాన్ని మా ఊరికి మోసుకొచ్చిన పెద్దమనిషిని కళ్లారా చూసినవాణ్ణి... ఆ గొప్పలు నాకు చెప్పకండి.

మా గుడిలో ఇప్పుడు ఎవరినీ బల్ల నుంచి తీసేయడం లేదు. చిన్న ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, ఎవరిది వాళ్లే తీసుకుంటారు. మంచిదే... ఏడాది గడిచాక అమ్మకు మళ్లీ రొట్టె అందిన రోజు, ఆమె దాన్ని నమలలేదు. ఇంటికి వచ్చేదాకా నోట్లోనే ఉంచుకుంది.

మీ ఊళ్లోనూ పెద్దమనుషుల తప్పు మోసిన వాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు కింద రాయండి... పెద్దమనుషుల పేర్లు అక్కర్లేదు.