మారుతి చేతిలో నాగలి

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని ఒక పల్లెకు నన్ను పంపారు. అప్పుడు నేను పురావస్తు శాఖలో సంరక్షణ సహాయకుణ్ని. ఊరి మారుతి విగ్రహానికి తరతరాలుగా పూసిన సిందూరం బెత్తెడు మందాన గడ్డకట్టింది. దాని పగుళ్లలోంచి నీళ్లు దిగి రాయి పాడవుతోందని అర్జీ వచ్చింది. ఆ పెంకును ఊడదీయడమే నా పని.

ఈ పనిలో సుత్తి, ఉలి ముట్టుకోం. ద్రావకంలో తడిపిన దూది అద్ది, పెంకు మెత్తబడ్డాక వెదురు పుల్లతో పొర తర్వాత పొర లేపుతాం. రోజుకు జానెడు తేలితే గొప్ప. వీపు వైపు నుంచి మొదలుపెట్టాం.

మొదటి రోజే లచ్చవ్వ వచ్చింది. కూలి చేసుకునే ముసలామె. ఆమె కులంవాళ్లను విగ్రహం ఉన్న గద్దె ఎక్కనివ్వరు. దానికి తోడు, మారుతిని ఆడవాళ్లు ముట్టకూడదన్న కట్టు ఒకటి. రోడ్డు మీదనుంచే కేకేసింది.

"సారూ, గది మారుతి కాదు, మా అమ్మతల్లి! చేతిల నాగలుంటదని మా అవ్వ చెప్పేది."

"మారుతి నాగలెప్పుడు పట్టిండు అవ్వా!" అని పూజారి విఠల్‌రావు నవ్వాడు. నేనూ నవ్వాను. ముందుకు పొడుచుకొచ్చిన మూతి, భుజాన గద. ఇంకేం కావాలి? ప్రాథమిక నివేదికలో మారుతి అనే రాసి పారేశాను.

ఆరో రోజు మూతి పక్కన వంకరగా ఏదో తేలింది. కోర! కోతికి కోరేమిటి? సాయంత్రానికి రొమ్ములు కనిపించాయి. మరో మూడు రోజులకు, గద అనుకున్నది కొసదాకా శుభ్రమయ్యేసరికి, ఓరి దేవుడా, అచ్చంగా నాగలి! కింద పీఠం మీద దున్నపోతు. వారాహి! సప్తమాతృకల్లో వరాహముఖపు తల్లి. నా సర్వీసంతటిలో చిన్నపిల్లాడిలా గంతేసింది ఆ ఒక్కసారే.

విఠల్‌రావు మొహం మాడిపోయింది. "మా తాతల కాలం నుంచి మారుతే సారూ. పంచనామాల మారుతి అనే రాయుండ్రి. రేపు మళ్ల సిందూరం పూస్త" అని నా చేతులు పట్టుకున్నాడు. అలా రాస్తే లచ్చవ్వ మాట అబద్ధమవుతుంది, ఆమె రోడ్డు మీదే మిగిలిపోతుంది.

పంచనామా అంటే చూసింది చూసినట్టు సాక్షుల ఎదుట రాసే కాగితం. ఆ సాక్షుల్నే పంచులంటారు. పంచు దగ్గర నిలబడి కళ్లారా చూడాలి, లేకపోతే చెల్లదు. ఆ సంగతి తట్టగానే నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. "లచ్చవ్వా, నువ్వొక పంచువి. పైకి రా!" అని పిలిచాను. జనం గుసగుసలాడారు. విఠల్‌రావు అడ్డం రాబోయి, నా చేతిలోని సర్కారు కాగితం చూసి ఆగాడు.

లచ్చవ్వ గద్దె ఎక్కింది. నాగలి మీద వేళ్లు ఆనించింది.

"అవ్వో, తల్లీ! ఇన్నొద్దులు నిన్ను మొగోన్ని చేసి కూసోబెట్టిండ్రా!"

జనం గొల్లున నవ్వారు. విఠల్‌రావుకూ నవ్వు ఆగలేదు. ఆమె వేలిముద్ర పక్కనే అతని సంతకమూ పడింది. నా మొదటి నివేదిక తప్పని నేనూ రాసి సంతకం పెట్టాను.

విగ్రహాలను గుర్తుపట్టడం పుస్తకాల్లో నేర్చుకున్నాను. గద్దె ఎక్కనివ్వని వాళ్లను ముందుగా అడగాలన్నది మాత్రం ఆ ఊళ్లో తెలిసింది. లచ్చవ్వ మొదటి రోజే చెప్పింది. నాకు తొమ్మిది రోజులు పట్టింది.