ఏడు పూతల కింద కప్పు

మా పెదనాన్న ముప్పై ఏళ్లుగా ఈ కాలేజీలో తాపీమేస్త్రి. పని పూర్తయ్యాక సిమెంటు ఆరకముందే ఓ మూల బొటనవేలు నొక్కడం మేస్త్రీల పాత అలవాటు. "రేపు బీటలిస్తే ఎవణ్ణి తిట్టాలో తెలియాలిగా" అంటాడు. ఈ ఏడాది దాకా ఎవరూ తిట్టలేదు.

నేను పనిచేసే గ్రంథాలయం ఆయన చేరకముందు కట్టింది. అంతా ఉత్తి కాంక్రీటు. గోడలకి పూత లేదు, రంగు లేదు. పోతపోసినప్పటి చెక్కల గీతలు గోడల మీద అలాగే కనిపిస్తాయి. పైన చదును కప్పు, వాననీళ్లు పోవడానికి బయటికి పొడుచుకొచ్చిన నాలుగు లావుపాటి తూములు. కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, సున్నం వేయడం మరిచిపోయారా?" అంటే నాకు ఒళ్లు మండుతుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆ గోడ ఎంత అందంగా ఉంటుందో చూడనివాళ్లకేం చెబుతాం?

అయితే వానొస్తే కారేది. పుస్తకాల మీద పట్టాలు కప్పలేక నేనూ విసిగిపోయాను. చివరికి ప్రిన్సిపాల్ తేల్చేశారు: "కట్టడంలోనే తప్పుంది. సెలవుల్లో కూల్చేద్దాం."

ఆ మాట విని పెదనాన్న ఉలి, సుత్తి తీసుకుని పైకెక్కాడు. మూలన జానెడు గొయ్యి తవ్వి నన్ను పిలిచాడు. ఒకదాని మీద ఒకటి, ఏడు సిమెంటు పూతలు. కారిన ప్రతిసారీ పాతది తీయకుండా పైన ఇంకోటి వేశారు. కప్పు మీది నేల పెరిగి పెరిగి తూముల నోళ్లు పూడిపోయాయి. పోయే దారిలేక నీళ్లు కప్పు మీదే నిలిచి కిందికి దిగుతున్నాయి. ఒక్కో పూత మీదా ఒక బొటనవేలి ముద్ర.

"ఏడూ నావేనే" అన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంట్లో పెద్దమ్మ మొత్తుకుంది. "మూడు నెలల్లో రిటైరవుతారు. ఇప్పుడు నెత్తిన దుమ్ము పోసుకుంటారా? నోరు మూసుకుని ఉండండి!"

"తప్పు నాది, శిక్ష ఆ భవనానికా?" అని చొక్కా తొడుక్కున్నాడు.

ప్రిన్సిపాల్ గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. "కట్టినవాళ్ల తప్పు కాదండీ, నాది. ఆ పూతలు నేనే తీస్తా. మొదటి వానకి ఒక్క చుక్క కారినా కూల్చేయండి, అడ్డం రాను."

ప్రిన్సిపాల్ గోడ మీది క్యాలెండర్ చూసి, "వానలకి నెల ఉంది" అన్నారు.

యంత్రం పెడదామంటే పెదనాన్న ఒప్పుకోలేదు. అదిరితే కప్పు చీలుతుందట. నెలంతా ఉలితోనే చెక్కాడు. అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకున్నాడు. వద్దంటే వింటేగా! చివరికి అసలు నేల బయటపడింది. నున్నగా ఉంది, కంటికి ఆనని వాలుతో తూముల వైపు దిగుతోంది. మూలన, మొదట కట్టిన మేస్త్రి ఎవరిదో వెడల్పాటి బొటనవేలి ముద్ర.

వాన రానే వచ్చింది. నాలుగు తూములూ ఒక్కసారిగా నీళ్లు చిమ్మాయి. చూద్దామని కింద నిలబడ్డ ప్రిన్సిపాల్ నిలువునా తడిశారు. లోపల ఒక్క చుక్క పడలేదు. పుస్తకాల అరల మధ్య నిలబడి ఏడ్చేశాను.

"ఉండనిద్దాం" అన్నారు ప్రిన్సిపాల్, తల తుడుచుకుంటూ.

మర్నాడు పైకెళ్లేసరికి పెదనాన్న తూము పక్క సన్నని నెర్రె పూడ్చి, తాపీ కడుక్కుంటున్నాడు. తడి సిమెంటు మీద ముద్ర లేదు.

"వేలు నొక్కలేదేం పెదనాన్నా?"

"నొక్కేశాడుగా" అని మూలనున్న పాత ముద్ర చూపించాడు. "నేను కప్పింది తీశానంతే."